పావుగంట చారు, నాన్న లెక్కలు

రాత్రి ఎనిమిదింటికి మీ ఫ్రిజ్ ఒకసారి తెరిచి చూడండి. మా ఫ్రిజ్‌లో అయితే మూడు టమాటాలు, సగం కోసిన నిమ్మకాయ, వాడిపోతున్న కొత్తిమీర, నిన్నటి పెరుగు ఉంటాయి. మణికొండలో ముగ్గురం అమ్మాయిలం ఒక ఫ్లాట్‌లో ఉంటాం. ముగ్గురికీ ఉద్యోగాలున్నాయి, సాయంత్రానికి ఎవరికీ ఓపిక ఉండదు. తొమ్మిదింటికి నాకు అమెరికా టీమ్‌తో కాల్. ఫుడ్ యాప్‌లో ఆర్డర్ పెడితే, సరిగ్గా నేను అన్‌మ్యూట్ చేసిన నిమిషానికే డెలివరీ అబ్బాయి ఫోన్ చేస్తాడు, "మేడమ్, గేట్ దగ్గరున్నా" అని.

అందుకే వారంలో నాలుగు రాత్రులు మా ఇంట్లో చారే.

హోటల్లో దీన్నే రసం అంటారు. పెళ్లి బఫేలో చిన్న కప్పులో పోసి, పైన కొత్తిమీర ఆకు ఒకటి వేసి సూప్ అంటారు. మా తెనాలి ఇంట్లో మాత్రం చారు. పప్పు ఉడికించక్కర్లేదు, కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టక్కర్లేదు, ఉల్లిపాయలు తరుగుతూ ఏడవక్కర్లేదు. ఒక పక్క అన్నం ఉడుకుతుండగా ఇంకో పక్క చారు అయిపోతుంది. ల్యాప్‌టాప్ వంటింటి గట్టు మీద పెట్టుకుని కూడా చేసేయొచ్చు. నేను చేశాను.

నా రూమ్మేట్‌ది కరీంనగర్. ఆమె లెక్కలో నాది ఇంకా ఎక్కువ పనే. "గింత దానికి పొయ్యెందుకు ముట్టించుడు? పచ్చి పులుసు చేస్తే అయిపాయె గదా" అంటుంది. చింతపండు రసంలో ఉల్లిపాయ ముక్కలు, కాల్చి నలిపిన మిరపకాయ, నువ్వుల పొడి, కాస్త బెల్లం. నిజంగానే రసం మరిగించే పని లేదు, చివర్న తాలింపు ఒక్కటి వేస్తే చాలు. ఎండాకాలంలో దానికి తిరుగులేదు, ఒప్పుకుంటాను. కానీ రాత్రిపూట, అదీ రోజంతా ఏసీలో కూర్చుని వచ్చాక, నాకు వేడిగా ఏదో ఒకటి గొంతులోంచి దిగాలి.

ఈ 'వేడిగా ఏదో ఒకటి' అనే మాట ఎంత పెద్దదో నాకు ఈ ఏడాదే తెలిసింది. నాన్న వల్ల.

ఏప్రిల్‌లో అమ్మ డాలస్ వెళ్లింది, అక్క డెలివరీకి. మన ఇళ్లల్లో ఇది మామూలే కదా. కూతురికి నెలలు నిండుతున్నాయంటే అమ్మకి విజిటర్ వీసా, రెండు పెద్ద సూట్‌కేసులు, వాటి నిండా కారప్పొడులు. ఆరు నెలలకి టికెట్. నాన్న రాను అన్నాడు. అంతసేపు విమానంలో కూర్చోలేడట. అసలు కారణం వేరే ఉంది, ఇల్లు తాళం వేసి వెళ్లడం ఆయనకి ఇష్టం ఉండదు.

నాన్న బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాడు. ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో ఒక్కరోజు కూడా క్యాష్ తేడా రాలేదని ఇప్పటికీ చెబుతాడు. అదే ముప్ఫై ఆరేళ్లలో స్టవ్ మాత్రం ఒక్కసారీ వెలిగించలేదు. టీ కూడా పెట్టుకోడు. అమ్మ వెళ్లేముందు వంటమనిషిని కుదిర్చింది. ఆవిడ పొద్దున్నే వచ్చి అన్నం, ఒక కూర వండి, తొమ్మిదింటికల్లా వెళ్లిపోతుంది. మధ్యాహ్నం వరకూ ఏ ఇబ్బందీ లేదు. సమస్యంతా రాత్రే.

"తిన్నావా నాన్నా?" అంటే "ఆ, తిన్నానమ్మా" అనేవాడు. ఏం తిన్నావంటే టాపిక్ మార్చేవాడు. రెండు మేరీ బిస్కెట్లు, ఒక గ్లాసు మజ్జిగ. అదీ ఆయన డిన్నర్. పక్కింటి పిన్నిగారు చెబితే తెలిసింది.

నాన్నకి షుగర్ ఉంది, బీపీ ఉంది. ఆయన వేసుకునే షుగర్ మాత్ర ఒక రకం ఉంది. మనం తిన్నామా లేదా అని అది చూడదు. ప్యాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. కడుపులో అన్నం లేకపోతే రక్తంలో షుగర్ పడిపోతుంది. జూన్‌లో ఒక రాత్రి అదే జరిగింది. రెండింటికి మెలకువ వచ్చి చూస్తే బనీను తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. ఎలాగో లేచి, పంచదార డబ్బా వెతుక్కుని రెండు చెంచాలు నోట్లో వేసుకున్నాడు. పొద్దున్నే ఆ సంగతి పిన్నిగారికి జోక్‌లా చెప్పాడట. "అర్ధరాత్రి దొంగలా పంచదార తిన్నానమ్మా" అని. ఆవిడ నవ్వలేదు. వెంటనే నాకు ఫోన్ చేశారు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. డాక్టర్ గారు మాత్ర మోతాదు తగ్గించి, రాత్రి భోజనం ఎట్టి పరిస్థితుల్లోనూ మానకూడదని గట్టిగా చెప్పారు. ఇంటికొచ్చాక నాన్నని కూర్చోబెట్టి అడిగాను. ఎందుకు తినట్లేదు? వంట బాగాలేదా?

"వంట బానే ఉంటుందమ్మా. పొద్దున్నది రాత్రికి చల్లగా అయిపోతుంది కదా. ఆ గిన్నె మూత తీయగానే ఆకలి పోతుంది."

మైక్రోవేవ్‌లో వేడి చేస్తే కూర రబ్బరులా ఉంటుందట. హోటల్ ఇడ్లీ తెప్పిస్తే రెండ్రోజులు తిని మూడోరోజు వద్దన్నాడు. హైదరాబాద్ వచ్చెయ్యమంటే "ముగ్గురు ఆడపిల్లలున్న ఇంట్లో నేనెక్కడ కూర్చోను?" అన్నాడు. అదీ నిజమే.

అప్పుడు అమ్మకి ఫోన్ చేసి, ఇన్నేళ్లూ రాత్రి ఏం పెట్టేదానివని అడిగాను. "ఏముంది, పొద్దుటి కూరే. ఎనిమిదింటికి వేడిగా చారు పెట్టేదాన్ని" అంది.

విషయం అదన్నమాట. కూర పొద్దుటిదే, పెరుగు రోజూ ఉండేదే. ఎనిమిదింటికి అప్పటికప్పుడు కాగిన ఆ ఒక్క గిన్నె లేక ఆయన భోజనం మొత్తం ఆగిపోయింది. చారు పోసుకుంటే చల్లారిన దొండకాయ వేపుడు కూడా నంజుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. చారు లేకపోతే అదే వేపుడు మిగిలిపోయిన కూర.

కాబట్టి నాన్న చారు పెట్టడం నేర్చుకోవాలి. తప్పదు.

ఇక్కడే అసలు కష్టం మొదలైంది. మన వంటల్లో కొలతలుండవు కదా. అమ్మ వీడియో కాల్‌లో చెబుతోంది, "ఉసిరికాయంత చింతపండు తీసుకోండి." నాన్న వెంటనే, "ఏ ఉసిరికాయ? పెద్ద ఉసిరా, రాచ ఉసిరా?"

"ఇంగువ చిటికెడు."

"ఎవరి చిటికెడు? నీదా, నాదా?"

"అబ్బా, మీకు చెప్పలేనండీ" అని అమ్మ ఫోన్ అక్కకి ఇచ్చేసింది. నాకు మాత్రం నాన్న అడిగినదాంట్లో తప్పు కనిపించలేదు. నోట్లు లెక్కపెట్టి బతికిన మనిషికి 'కొంచెం' అంటే ఎలా అర్థమవుతుంది? నా ఉద్యోగంలో కూడా అంతే, రిక్వైర్‌మెంట్‌లో 'తగినంత' అని రాసిస్తే నేనూ వెనక్కి పంపిస్తాను. అక్క కేకులు చేయడానికి కొనుక్కున్న చిన్న తూకం మిషన్ ఉంటే, అమ్మ చేతి ఉసిరికాయంత చింతపండుని దాని మీద పెట్టించాను. 15 గ్రాములు. ఇక మిగతావన్నీ తెనాలి వంటింట్లో నేనే చెంచాలతో, టీ గ్లాసుతో కొలిచి కాగితం మీద రాశాను. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ డోర్‌కి అంటించి ఉంది.

మీరూ రాసుకోండి. ఇది ఇద్దరికి సరిపోతుంది, ఒక్కరే అయితే ముందు ఒక గ్లాసు తాగడానికి కూడా మిగులుతుంది.

టీ గ్లాసుతో నాలుగు గ్లాసుల నీళ్లు, అంటే 600 మిల్లీలీటర్లు. అందులో ఒక గ్లాసు వేడి నీళ్లలో 15 గ్రాముల చింతపండు పది నిమిషాలు నానబెట్టాలి. ఆఫీసు నుంచి రాగానే, చెప్పులు విప్పగానే చేయాల్సిన పని ఇదొక్కటే. మీరు మొహం కడుక్కుని వచ్చేలోపు నానిపోతుంది. పిసికి, పిప్పి తీసేసి, మిగిలిన మూడు గ్లాసుల నీళ్లూ కలపాలి. స్టీల్ గిన్నె వాడండి. పులుపు కదా, అల్యూమినియం వద్దు. ఒక టమాటా చేత్తోనే నలిపి వేయాలి. పావు చెంచా పసుపు, అర చెంచా ఉప్పు, ఒక రెబ్బ కరివేపాకు. మీడియం మంట మీద ఎనిమిది నిమిషాలు మరగాలి. చింతపండు పచ్చివాసన పోవాలంటే అంతసేపు పడుతుంది, ఇక్కడ తొందరపడితే తినేటప్పుడు తెలిసిపోతుంది.

అది మరుగుతుండగా ఒక చెంచా మిరియాలు, ఒక చెంచా జీలకర్ర, ఐదు వెల్లుల్లి రెబ్బలు రోట్లో వేసి దంచాలి. మెత్తగా కాదు, కచ్చాపచ్చాగా. వెల్లుల్లి పొట్టు తీయక్కర్లేదు. చిన్న రోలు లేకపోతే చపాతీ కర్రతో కవర్‌లో వేసి కొట్టండి, హాస్టల్ రోజుల్లో మేం అలాగే చేసేవాళ్లం. మిక్సీ మాత్రం వద్దు. ఇంత కొంచెం మిక్సీలో వేస్తే సగం జార్ గోడలకే అంటుకుంటుంది, అది కడగడం ఇంకో పని.

ఈ దంచినది ఎప్పుడు వేయాలన్నదే మొత్తం చారులో ముఖ్యమైన విషయం. ఎనిమిది నిమిషాలు అయ్యాకే వేయాలి. వేశాక రెండు పొంగులు రానిచ్చి కట్టేయాలి. మిరియాల్లో, జీలకర్రలో ఉండే వాసన త్వరగా ఆవిరైపోయే నూనెల్లో ఉంటుంది. ఇంకా ఇంకా మరిగిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, గిన్నెలో మాత్రం ఏమీ మిగలదు. పక్క ఫ్లాట్ వాళ్లు "ఏం వండుతున్నారండీ, మంచి వాసన వస్తోంది" అన్నారంటే మీ చారు కాస్త ఎక్కువ మరిగిందని అర్థం.

చివర్న తాలింపు. ఒక చెంచా నూనె, లేదా నెయ్యి. అర చెంచా ఆవాలు చిటపటలాడాక ఒక ఎండుమిరపకాయ తుంచి వేసి, మంట తగ్గించి ఇంగువ వేయాలి. నాన్న కోసం ఆ 'చిటికెడు'ని చెంచాలో ఎనిమిదో వంతు అని రాశాను. తాలింపు గిన్నెలో పోసి, కొత్తిమీర చల్లి, వెంటనే మూత పెట్టేయాలి. మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగడం కూడా వంటలో భాగమే.

అన్నట్టు, ఈ ఇంగువ సంగతి భలే ఉంటుంది. అది లేకపోతే మనకి చారే కాదు. కానీ అది అఫ్గానిస్తాన్, ఇరాన్ వైపు చల్లని కొండల్లో పెరిగే మొక్క జిగురు. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో సైంటిస్టులు 2020లో మొక్కలు నాటారు. మిరపకాయ, టమాటా రెండూ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ల కాలం తర్వాత వచ్చినవే. చారులో ఘాటుకి మొదటి నుంచీ మనదైనది మిరియమే. తమిళంలో 'మిళగు తణ్ణి' అంటే మిరియాల నీళ్లు. మద్రాసులో తెల్లదొరలు దాన్నే సూప్ చేసుకుని 'మల్లిగటాని' అని పిలిచారు. డాలస్‌లో అక్క అమ్మని ఇండియన్ రెస్టారెంట్‌కి తీసుకెళితే మెనూలో అదే ఉందట. వచ్చింది చూస్తే చిక్కగా, క్రీమ్‌తో ఉంది. "దీన్ని చారంటే ఊరుకోను" అని అమ్మ ఫోన్‌లో పావుగంట చెప్పింది.

ఉప్పు దగ్గర మాత్రం అమ్మకీ నాకూ గొడవైంది. నాలుగు గ్లాసులకి చెంచా నిండుగా వేయాలంటుంది ఆవిడ. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికే ఒక మనిషికి 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు ఉండాలంటోంది. నిండు చెంచా అంటే ఆ కోటా అంతా ఒక్క గిన్నెలోనే. బీపీ ఉన్న మనిషికి అంతెందుకు? అర చెంచా అని రాశాను. పులుపు, మిరియాల ఘాటు గట్టిగా ఉంటే ఉప్పు తగ్గినట్టు అంతగా తెలియదు. మొదటి రెండు రోజులు నాన్న మొహం అదోలా పెట్టాడు, తర్వాత అలవాటైపోయింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. చారులో షుగర్ పెంచేది దాదాపు ఏమీ లేదు, కానీ చారన్నంలో ఉంది. మెత్తగా కలుపుకుంటే నమలకుండానే జారిపోతుంది. మూడోసారి ఎప్పుడు వడ్డించుకున్నామో కూడా గుర్తుండదు. అందుకని నాన్నకి అన్నం ఒక కప్పు అని లెక్క. పక్కన పొద్దుటి వేపుడు, ఒక ఉడకబెట్టిన గుడ్డు. అప్పడం ఆదివారం మాత్రమే. కరోనా టైమ్‌లో ఈ చారునే ఇమ్యూనిటీ బూస్టర్ అంటూ ఫార్వర్డ్‌లు వచ్చేవి గుర్తుందా? అంత సీనేం లేదు. జలుబు చేసినప్పుడు వేడికి, ఘాటుకి ముక్కు కారి కాస్త హాయిగా ఉంటుంది. అంతవరకే.

తెనాలిలో మూడు రోజులు ఉండి చేయించాను. మొదటిరోజు లైటర్ పట్టుకోవడమే ఆయనకి భయం. మొహం అంత దూరం పెట్టి, కళ్లు మూసుకుని నొక్కేవాడు. రెండోరోజు ఆవాలు చిటపటలాడుతుంటే వంటింట్లోంచి బయటికి వచ్చేశాడు. మూడోరోజు నేను హాల్లో కూర్చున్నాను, లోపలికి వెళ్లలేదు. లోపల్నుంచి "ఏడు నిమిషాలైంది... ఎనిమిది" అని గట్టిగా లెక్కపెట్టడం వినిపించింది.

నేను హైదరాబాద్ వచ్చేశాక రోజూ ఎనిమిదింపావుకి వీడియో కాల్. నేను ఇక్కడ, ఆయన అక్కడ, ఫోన్ రెండు వైపులా ఉప్పు డబ్బాకి ఆనించి, ఒకే చారు. అప్పటికి డాలస్‌లో పొద్దున్న పావు తక్కువ పది. ఒక్కోరోజు అమ్మ కూడా మనవరాలిని ఒళ్లో వేసుకుని కాల్‌లోకి వచ్చేది. "మూత పెట్టండి, మూత" అని అక్కడి నుంచే అరిచేది. ఎనిమిదీ నలభైకి కాల్ కట్ చేసేముందు నాన్న రెండు చూపించాలి. స్టవ్ నాబ్ తిప్పేసి ఉందా, సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేశాడా. నేను పెట్టిన రూలే ఇది. చారు ఎలా కుదిరినా పర్లేదు, గ్యాస్ విషయంలో మాత్రం నేను ఊరుకోను. బ్యాంకులో సాయంత్రం క్యాష్ క్లోజ్ చేసినట్టు ఆయన కూడా సీరియస్‌గానే చూపిస్తాడు.

ఇదంతా ఆయన ఒక పాత డైరీలో రాస్తాడని నాకు ఆగస్టులో వెళ్లినప్పుడు కానీ తెలియలేదు. తేదీ, చింతపండు ఎంత, ఉప్పు ఎంత, అన్నం ఎన్ని కప్పులు, మర్నాడు పొద్దున్న షుగర్ ఎంత. గళ్లు గీసి, ఎర్ర పెన్నుతో ఒకటి, నీలం పెన్నుతో ఒకటి. రిమార్క్స్ అని ఇంకో గడి కూడా ఉంది. ఒకరోజు అందులో 'కొత్త చింతపండు, పులుపు ఎక్కువ, 12 గ్రా. చాలు' అని ఉంది. నిజమే. కొత్త చింతపండు పుల్లగా ఉంటుంది, పాతది నల్లబడి కాస్త తియ్యబడుతుంది. నేను ఆయనకి చెప్పని విషయం అది, ఆయనే పట్టుకున్నాడు. జూన్ తర్వాత అర్ధరాత్రి పంచదార అవసరం మళ్లీ రాలేదు.

ఇంకో పేజీలో 'టమాటా లేదు, నిమ్మకాయతో చేశాను, స్టవ్ కట్టేశాక పిండాలి' అని రాసుంది. నిమ్మరసం మరిగిస్తే చేదొస్తుందని ఎవరు చెప్పారంటే, వంటమనిషి. ఇద్దరూ ఇప్పుడు పొద్దున్నే వంటలు మాట్లాడుకుంటున్నారు. ఆవిడకి కూడా గ్రాముల్లో చెప్పడం అలవాటు చేశాడేమో అని నా అనుమానం.

అమ్మ అక్టోబర్‌లో వస్తుంది. ఆవిడ వచ్చాక రాత్రి చారు ఎవరు పెట్టాలన్న విషయం ఇంకా తేలలేదు. అడిగితే ఇద్దరూ నవ్వి ఊరుకుంటున్నారు.

మొన్న కాల్‌లో నా వెనక రూమ్మేట్ పచ్చి పులుసు కలుపుతుంటే నాన్న చూశాడు. అదేంటని అడిగాడు. మరిగించే పనే లేదని చెప్పగానే ఆసక్తి పెరిగింది, ఫోన్ ఆమెకివ్వమన్నాడు. నాకు తొమ్మిది గంటల కాల్ మొదలైపోయింది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గదిలోకి వెళ్లిపోయాను. ఇరవై నిమిషాల తర్వాత ఆమె తలుపు కొంచెం తీసి, ఫోన్ మైక్‌కి చెయ్యి అడ్డం పెట్టి, గుసగుసగా అడిగింది.

"ఏందే, మీ నాన్న నువ్వులు ఎన్ని గ్రాములని అడుగుతుండు. ఏం చెప్పాలె?"